దుర్భిణికి కొమ్ముల రంగు

ఆ రోజుల్లో మా వైపు దేన్నీ చేత్తో తడిమి చూడకుండా కొనేవాళ్లు కాదు. టమాటాను బొటనవేలితో నొక్కేవాళ్లు, రాగులను నోట్లో వేసుకుని కొరికేవాళ్లు, చీర అంచును చెవి దగ్గర పెట్టుకుని నలిపేవాళ్లు. మా నాయన చెప్పులు కొనడానికి పోతే వాటిని అటూ ఇటూ వంచి, మడిచి, చివరికి వాసన కూడా చూసి, "వద్దులేప్పా" అని లేచి వచ్చేసేవాడు. (మదనపల్లె బజారులో మమ్మల్ని దూరం నుంచి చూడగానే కొందరు అంగళ్లవాళ్లు లోపల ఏదో పనున్నట్టు వెళ్లిపోయేవాళ్లు. వాళ్ల బాధ నాకు ఇప్పుడు అర్థమవుతోంది.) అలాంటి వంశంలో పుట్టిన నేను, ఫోన్లలో నెట్టు చవకైన ఆ కొత్తల్లో, కేవలం బొమ్మ చూసి ఒక వస్తువు కొన్నాను. అది కూడా చెప్పులో చీరో కాదు, రైఫిలు మీద బిగించుకునే స్కోపు. ఆ తర్వాత కొన్నాళ్లపాటు మా ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు నోరు తెరుచుకుని నిలబడిపోవడమే పనిగా పెట్టుకున్నాం.

రైఫిలు అనగానే మీరు కుర్చీలో వెనక్కి జరగనక్కర్లేదు. రాయలసీమ అమ్మాయి, చేతిలో తుపాకి అని ఏవేవో ఊహించుకునేరు. ఇది లైసెన్సు అక్కర్లేని గాలి తుపాకి. అట్ట మీద గుండ్రాలు గీసి, మధ్యలో ఉన్న చుక్కను కొట్టడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాదు. కాలేజీలో ఎన్‌సీసీలో చేరి, ఒకసారి గురి కుదిరేసరికి నాకు దాని పిచ్చి పట్టింది. మా నాయన టమాటా మండీలో రైటరు. తెల్లారేసరికి మండీకి పోయి, క్రేట్ల మధ్య నిలబడి లెక్కలు రాసి, పొద్దుపోయాక టమాటా వాసనతో ఇంటికి వచ్చేవాడు. డిగ్రీ అయిపోయిన నన్ను కూడా అక్కడే కంప్యూటరు ముందు కూర్చోబెట్టాలని ఆయన కోరిక. నాకేమో ఆ వాసనే పడేది కాదు.

సరిగ్గా అప్పుడే కుప్పం దగ్గర ఒక ప్రైవేటు స్కూలువాళ్లు షూటింగు రేంజి కట్టారు. పిల్లలకు నేర్పడానికి మనిషి కావాలి. అందుకని పోటీ పెడతాం, మొదట వచ్చినవాళ్లకు ఉద్యోగం ఇస్తాం అన్నారు. నేను ఆ సంగతి అన్నం తింటున్న నాయనకు చెప్పాను. ఆయన ముద్ద మింగి, నీళ్లు తాగి, బాగా ఆలోచించి, "పోయిరా అమ్మణ్ణీ. మొదుట వస్తే ఆ ఉద్యోగమే సేసుకో, నేను అడ్డం రాను. రాకపోతే మాత్రం మండీలో కూసునేది. మళ్లా ఈ ఇంట్లో తుపాకి మాట ఎత్తకూడదు" అన్నాడు. నేను సరేనన్నాను. ఆ రాత్రి పడుకుంటే కల్లో కూడా టమాటాలే.

పోటీలో స్కోపు పెట్టుకోవచ్చని రూల్సులో ఉంది. స్కోపంటే చిన్న గొట్టం. అందులోంచి చూస్తే దూరాన ఉన్న చుక్క దగ్గరగా కనబడుతుంది, దాని మీద సన్నటి గీతలు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి ఉంటాయి. రెండు గీతలు కలిసేచోట చుక్క ఉంటే చాలు, గుండు అక్కడికే పోతుంది. మిగతావాళ్లందరూ స్కోపులతో వస్తారని తెలిసి, నేను బెంగుళూరులో ఒక అంగడికి ఫోను చేసి పేరున్న కంపెనీ స్కోపు ధర అడిగాను. అతను చెప్పిన అంకె విని నిలబడ్డదాన్ని కూర్చున్నాను. తర్వాత ఫోనులో వెతికితే, అదే కంపెనీది, అదే మోడలు, అందులో నాలుగోవంతు ధరకే కనబడింది. మళ్లీ లేచి నిలబడ్డాను.

ఇలాంటి విషయాల్లో మా ఇంట్లో ఆఖరి మాట మా మామది. అమ్మకు తమ్ముడు, పుంగనూరులో పశువుల దళారి. పశువు ఒంటి మీది సుడులు చూసి దాని గుణం చెప్పేవాడు కాబట్టి ఊళ్లో అందరూ సుడులప్ప అనేవాళ్లు. పుంగనూరు ఆవులకు ఎంత గిరాకీ ఉందో, వాటి పేరుతో జరిగే మోసాలకూ అంత గిరాకీ ఉంది. ఎక్కడెక్కడి పొట్టి ఆవులనో తెచ్చి పుంగనూరు ఆవులని అమ్మేస్తుంటారు. అసలు పుంగనూరు ఆవు తోక నేలను తాకాలి. ఒక మహానుభావుడు తన ఆవు తోకకు ఆడవాళ్లు జడకు పెట్టుకునే సవరం కట్టి సంతకు తోలుకొచ్చాడు. మామ దాని వెనక్కి పోయి, తోక పట్టుకుని మెల్లగా లాగి, సవరం చేతికి రాగానే దాన్ని తీసుకెళ్లి వాడి భార్య చేతిలో పెట్టి, "జాగర్తమ్మా, పూలు పెట్టుకునేది మరిసిపోయినట్టుండావు" అన్నాడట. ఈ కథ మా వైపు అన్ని సంతల్లోనూ చెప్పుకునేవాళ్లు. అలాంటి మామ పక్కన ఉంటే నన్ను మోసం చేసేవాడు ఎవడు?

మామ వచ్చి అరుగు మీద కూర్చుని ఫోనులో బొమ్మ చూశాడు. పెద్దది చేసి చూశాడు, ఫోనును తలకిందులు చేసి కూడా చూశాడు. "సూసేదానికి బాగానే ఉండాది. తల్లిని సూడకుండా పెయ్యను కొనకూడదమ్మణ్ణీ. దీని తల్లి యాడుండాదో అడుగు" అన్నాడు. నేను అమ్మేవాడికి, "ఇది ఎక్కడ తయారైంది సార్?" అని మెసేజి పెట్టాను. వాడు వెంటనే ఒక ఫోటో పంపాడు. అద్దాల మేడ, ముందర పచ్చిక, ఆ పచ్చికలో ఒక జెండా కర్ర. మామ ఆ మేడను చాలాసేపు చూసి, "మంచి తల్లే" అన్నాడు. నాకూ ఆ మేడ నచ్చింది. పైగా వాడు నన్ను "సిస్టర్" అని పిలిచాడు. (ఆ మేడ ఏ ఆసుపత్రిదో ఏ కాలేజీదో, ఇప్పటికీ తెలియదు.)

ఇక బేరం. సంతలో దళారులు ధర పైకి చెప్పరు. తువ్వాలు కింద చెయ్యీ చెయ్యీ కలిపి, వేళ్లు నొక్కి మాట్లాడుకుంటారు. నోటితో చెబితే చుట్టూ ఉన్నవాళ్లు వింటారు, బేరం చెడిపోతుంది. మామకు ఇంకో పద్ధతి తెలియదు. తువ్వాలు తీసి నా చేతి మీద, ఫోను మీద కప్పి, లోపల నా వేళ్లు నొక్కాడు. "మామా, వాడు ఢిల్లీలో ఉండాడు. మన మాటలు వానికి వినపడవు" అన్నాను. "వానికి కాదు, మీ నాయనకు" అని గుమ్మం వైపు కళ్లతో చూపించాడు. నేను తువ్వాలు కింద తల దూర్చి మామ నొక్కిన అంకె టైపు చేశాను. వాడు మారుమాట లేకుండా సరేనన్నాడు, డబ్బు మాత్రం ముందే పంపమన్నాడు. ఆ తువ్వాలు కింద చెమటలు కారుతూ కూర్చున్న నాకు, అంత సులభంగా ఎందుకు ఒప్పుకున్నాడన్న అనుమానం రాలేదు. మామకూ రాలేదు. సంతలో అయితే అంత తొందరగా ఒప్పుకున్నవాడి ఆవును మామ కన్నెత్తి చూసేవాడు కాదు.

పార్సిలు వచ్చిన రోజు మా ఇంట్లో పండగే. అట్టపెట్టె మీద తళతళలాడే స్టిక్కరు, అమెరికా కంపెనీ పేరు. లోపల స్పాంజి మధ్యలో నల్లగా నిగనిగలాడే గొట్టం, దాని మీద బంగారు రంగులో మళ్లీ అదే పేరు. మామ చేతులు కడుక్కుని వచ్చి దాన్ని రెండు చేతులతో ఎత్తాడు. ఎత్తగానే ఆయన మొహం వెలిగిపోయింది. "బరువు సూడు! లేత సరుకు కాదిది" అన్నాడు. మరలు తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. టిక్కు టిక్కుమంది. "పండ్లు గట్టిగుండాయి" అన్నాడు, ఎద్దు నోరు తెరిచి చూసినట్టు. అద్దం మీద ఆవిరి ఊది తుడిచాడు, వాసన చూశాడు. సుడులు లేవు కాబట్టి అక్కడితో ఆపి, "అసలైన సరుకు. ఇది నకిలీ అయితే నా పేరు మార్సుకుంటా" అని తీర్పు చెప్పేశాడు. మా నాయన కూడా ఒకసారి చేత్తో ఎత్తి చూసి, తల ఊపాడు.

ఇంతలో మా అవ్వ, అంటే అమ్మ వాళ్లమ్మ, పసుపు కుంకుమల గిన్నె పట్టుకుని వచ్చింది. మా ఇంట్లో కొత్తగా ఏది వచ్చినా ముందు అవ్వ చేతికి పోవాల్సిందే. మిక్సీకి, సైకిలుకి, చివరికి గ్యాసు స్టవ్వుకు కూడా ఆమె బొట్టు పెట్టాకే మేం ముట్టుకునేవాళ్లం. "దుర్భిణిని ఇట్లియ్యండి నాయనా" అని అడిగి తీసుకుని, తడి పసుపు నిండా పూసి, మూడు బొట్లు పెట్టి, హారతి ఇచ్చింది. కాసేపయ్యాక అద్దాలకు అంటుకుందేమోనని నేను బెంగపడుతుంటే, "ఉండమ్మే, నేనే తుడిసిస్తా" అని కొంగుతో మెల్లగా తుడిచింది.

పసుపు పోయింది. పసుపుతోపాటు కంపెనీ పేరూ పోయింది.

అవ్వ కొంగు వైపు చూసింది. కొంగు మీద పసుపులో కలిసి బంగారు పొడి మెరుస్తోంది. గొట్టం వైపు చూసింది. నున్నగా, నల్లగా, పేరు లేకుండా ఉంది. "అయ్యయ్యో, అమెరికా పేరు తుడిసేస్తినే" అని అక్కడే కూలబడిపోయింది. ఇప్పుడు మీరు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. తడి పసుపుకే పేరు పోయిందంటే అది ఎలాంటి సరుకో చిన్నపిల్లలకైనా తెలియాలి కదా అని. మాకు తెలియలేదు. ఎందుకంటే సరుకు అసలైనదని మామ అప్పటికే చెప్పేశాడు. అసలైన సరుకు చెడిపోయిందంటే తప్పు మా పసుపుదే అయ్యుండాలి. అంతమందిమి, అందులో డిగ్రీ చదివినదాన్ని నేను ఒకతిని, అలాగే ఆలోచించాం. అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. "బిడ్డ ఉద్యోగానికి నేనే అడ్డం పడితిని" అని మూలన కూర్చుని కళ్లు ఒత్తుకుంటూ ఉండిపోయింది.

ఆమె ఏడుపు చూడలేక మామ లేచాడు. సంతకు తోలే ముందు ఆవుల కొమ్ములకు రంగు వేసే అలవాటు మా వైపు ఉంది. అందులో మామ చేయి తిరిగినవాడు. పుంగనూరు పోయి బంగారు రంగు డబ్బా, సన్న కుంచె తెచ్చి, అట్టపెట్టె మూత ముందు పెట్టుకుని, నాలుక కొద్దిగా బయటపెట్టి, ఒక్కో అక్షరమే దించాడు. మామ ఇంగ్లీషు చదువుకోలేదు, కానీ అక్షరాలు మాత్రం అట్టమీదివాటికంటే బాగా వచ్చాయి. అంతటితో ఆపి ఉంటే బాగుండేది. చేతి అలవాటు ఊరుకుంటుందా? పేరు చుట్టూ చుక్కలు పెట్టాడు, రెండు చివర్లా రెండు పూలు వేశాడు. అవ్వ కళ్లు తుడుచుకుని చూసి, "ముందుదానికంటే ఇదే కళగా ఉండాది" అంది. అప్పుడు గానీ ఆమె అన్నం తినలేదు.

ఆ తర్వాత సాధన. పుంగనూరులో మామ పశువుల కొట్టం వెనక, గడ్డివామికి ఆనించి చెక్క నిలబెట్టి, దాని మీద అట్ట కట్టి కాల్చేదాన్ని. మొదటి గుండు చుక్కలో పడింది. మామ ఈల వేశాడు. రెండో గుండు ఎడమకు పోయింది, మూడోది ఇంకా ఎడమకు. మరలు తిప్పి సరిచేస్తే ఈసారి గుండు కిందికి పోయింది. స్కోపులో చూస్తే, నిలువు గీత మెల్లగా వాలుతున్నట్టు అనిపించింది. గీత వాలడం ఏమిటి, నేనే తల వంకరగా పెట్టి ఉంటాను అనుకుని తల సరిచేసుకున్నాను. మర్నాడు చూస్తే గీత ఇంకాస్త వాలింది, నేనూ ఇంకాస్త తల వంచాను. మా నాయన గాలి అన్నాడు, అవ్వ దిష్టి అని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. మామ మాత్రం, "కొత్త ఎద్దు కాడికి అలవాటు పడేదానికి కొన్నాళ్లు పట్టదా?" అన్నాడు. పోటీ రోజు వచ్చేసరికి నా మెడ ఒక పక్కకు పట్టేసింది. అయినా ఒక్కరికి, ఒక్కసారయినా, ఆ గొట్టం మీద అనుమానం రాలేదు.

కుప్పానికి బస్సులో నేను, మామ పోయాం. రేంజి దగ్గర తెలుగూ తమిళమూ కన్నడమూ ఒకే మాటలో కలిపి మాట్లాడేవాళ్లు చాలామంది గుమిగూడి ఉన్నారు. పోటీ నడిపేది సైన్యంలో పనిచేసి వచ్చిన సుబేదారు సారు. కాల్చే ముందు ఒక్కొక్కరి తుపాకి, స్కోపు ఆయన పరీక్ష చేయాలి. నా వంతు వచ్చింది. ఆయన నా తుపాకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, స్కోపు మీది బంగారు అక్షరాల దగ్గర ఆగిపోయాడు. కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూశాడు.

"ఏమ్మా, ఈ కంపెనీవాళ్లు ఎప్పట్నించి ముగ్గులు ఏస్తాండారు?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. సారు నవ్వలేదు. స్కోపు విప్పి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల ఏదో గలగలమంది. చిన్న స్క్రూడ్రైవరుతో ముందరి అద్దం చుట్టూ ఉన్న రింగు తీశాడు. అద్దం ఆయన అరచేతిలోకి జారింది. దాని వెనకే, సైకిలు ట్యూబు ముక్క చుట్టి బంకతో అంటించిన ఒక లావుపాటి ఇనప నట్టు జారి ముందున్న బల్ల మీద పడింది. మామ దేనిని చూసి మురిసిపోయాడో ఆ బరువంతా బల్ల మీద దొర్లుతోంది.

"ఇది డూప్లికేటమ్మా. గాలి తుపాకి ముందుకూ వెనక్కూ తంతాది. ఆ దెబ్బకు మంచి స్కోపులే అదిరిపోతాయి, ఇది యాడ నిలబడతాది? లోపల గీతలు తిరిగిపోయి ఉండాయి సూడు" అన్నాడు సారు. తర్వాత గొంతు మార్చి, "మోసపోయేది తప్పు కాదు. కానీ ఈ పేరు ఎవురో కావాలనే చేత్తో రాసుండారు. నకిలీదానికి పేరు రాసి అసలుదని తెచ్చేది మోసం. ఇట్లాంటోళ్లను పిల్లోళ్లకు నేర్పేదానికి ఎట్ల పెట్టుకునేది? నీ పేరు కొట్టేస్తాండాను" అని పెన్ను తీశాడు.

పసుపు, కొంగు, అవ్వ ఏడుపు, కొమ్ముల రంగు, వీటిలో ఏది ముందు చెబితే ఆయన నమ్ముతాడు? మోసపోయినందుకు కాదు, మోసగత్తెనని అంతమంది ముందర అనిపించుకున్నందుకు సిగ్గేసింది. అప్పుడు వెనకనుంచి మామ ముందుకు వచ్చాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. బేరానికి తప్ప మామ ఎవరి ముందరా తలమీది తువ్వాలు విప్పగా నేను చూడలేదు.

"సార్, ఆ పేరు రాసింది నేను. పుంగనూరు సుడులప్ప అంటారు నన్ను. ఆ గొట్టాన్ని చేత్తో ఎత్తి, అసలు సరుకని చెప్పిందీ నేనే. మా యమ్మ పసుపు పూసి తుడిస్తే పేరు పోయింది. ముసిలామె ఏడస్తా కూసుంటే, ఆవుల కొమ్ములకేసే రంగు తెచ్చి మళ్లా రాసినా. బిడ్డకు ఇందులో ఏం తెలీదు. మోసపోయింది నేను. బిడ్డను పోటీకి రానీయండి సార్" అన్నాడు.

ఆ గుంపులో పుంగనూరు సంతకు వచ్చేవాళ్లు ఉన్నారని మామకు తెలుసు. వాళ్లలో ఒకడు వెంటనే, "ఏమప్పా సుడులప్పా, గొట్టానికి సుడి సూడలేదా?" అని అరిచాడు. ఇంకొకడు, "సవరం లాగినట్టు పేరు కూడా లాగి సూడాల్సిందప్పా!" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. మామ చెవులు ఎర్రబడ్డాయి. అయినా అక్కడనుంచి కదల్లేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని మామే ఎన్నోసార్లు మాకు చెప్పేవాడు. ఆ మాట తన మీదికే వచ్చిన రోజు, తలవంచుకుని నిలబడి మొత్తం విన్నాడు.

సుబేదారు సారు మామ వైపు చూశాడు, ఆ తర్వాత స్కోపు మరల సందుల్లో గోరుతో గీకి, గోటికి అంటిన పసుపు చూశాడు. పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. "స్కోపు లేకుండా, తుపాకి మీదుండే గురితో కాల్చుకో పోమ్మా" అన్నాడు. మామతో మాత్రం, "ఇంగోసారి కొనేటప్పుడు అమ్మేవోన్ని కాదప్పా, కంపెనీవోళ్లను అడగండి. వాళ్ల డీలరు ఎవురో వాళ్లే చెప్తారు. గొట్టం మీద నంబరు ఉంటాది, అట్ట మీద కూడా అదే నంబరుండాల. ఆ నంబరు కంపెనీకి చెప్తే అది వాళ్లదో కాదో తేలిపోతాది. నాలుగోవంతుకే ఇస్తాండాడంటే, యాల ఇస్తాండాడని ఆలోచన సేయాల కదా" అన్నాడు. మామ తల ఊపి, "అంటే తల్లిని సూడాల్నే గాని తల్లి ఫోటోను కాదు" అన్నాడు.

కాల్చాను. ఇన్నాళ్లూ వాలిన గీత కోసం వంచిన మెడ, ఇప్పుడు నిలబెడదామంటే నిలబడలేదు. మొదటి గుండ్లు ఎటో పోయాయి. చివర్లో కాస్త కుదురుకున్నాను గానీ అప్పటికే ఆలస్యమైంది. మూడోదాన్నయ్యాను. మొదట వచ్చింది శాంతిపురం అబ్బాయి, ఉద్యోగం అతనిది. చప్పట్లు కొడుతుంటే నా ముక్కుకు టమాటా వాసన తగిలినట్టయింది.

తిరుగు బస్సులో కూర్చుని, కోపంతో ఆ అమ్మినవాడికి స్కోపు ఫోటోలు పంపి, ఇది నకిలీ, నా డబ్బు నాకు పంపు అని రాశాను. పలమనేరు రాకముందే జవాబు వచ్చింది. చదివి నిర్ఘాంతపోయాను. "సిస్టర్, మీరు పంపిన ఫోటోలో ఉన్నది డూప్లికేటు. దాని మీద పేరు చేత్తో రాశారు. మేం అసలైనవే అమ్ముతాం. దయచేసి మోసం చేయకండి." ఆ తర్వాత ఎన్ని మెసేజిలు పెట్టినా పోలేదు. మామకు చదివి వినిపించాను. ఆయన ఒక్క క్షణం నావైపు చూసి, బస్సంతా తిరిగి చూసేలా నవ్వాడు. నవ్వి నవ్వి, "నా సేతి రాతను డూప్లికేటు అంటాడా వాడు!" అని తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. నేనూ నవ్వాను. ఆపలేకపోయాను. కాసేపటికి ఆయన నవ్వు ఆగిపోయింది. కిటికీ బయటికి చూస్తూ, "నీ ఉద్యోగం పోగొడితిని కదమ్మణ్ణీ" అన్నాడు. నాకు దుఃఖం వచ్చేసింది. "నా పేరు కొట్టేయకుండా ఆపినావు కదా మామా" అన్నాను.

తర్వాత చాలా సంతల్లో మామను ఏడిపించారు. ఏ ఆవును మెచ్చుకున్నా ఎవడో ఒకడు, "తడిగుడ్డతో తుడిసి సెప్పప్పా" అనేవాడు. మామ మొదట్లో మొహం ముడుచుకునేవాడు, తర్వాత తానే ఒక తడిగుడ్డ సంచిలో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. నేను మాట ప్రకారం మండీలో కంప్యూటరు ముందు కూర్చున్నాను. టమాటాను బొటనవేలితో నొక్కి ఎన్ని రోజులు నిలబడుతుందో చెప్పడం నేర్చుకున్నాను. (ఆ విద్య ఇప్పటికీ పోలేదు.) మరుసటేడు కాబోలు, ఒకరోజు క్రేట్ల మోతలో ఫోను మోగింది. సుబేదారు సారు. "ఆ శాంతిపురం పిల్లోడు బెంగుళూరులో పని దొరికిందని పోయినాడమ్మా. నీకు ఇంగా ఆ పిచ్చి ఉంటే రా" అన్నాడు. ఆ మోతలో నాకు వినపడింది నిజమేనా అని మళ్లీ అడిగాను. తుపాకి మాట ఎత్తొద్దన్న నాయనే ఆ పూట నాకోసం బస్సు టైములు కనుక్కుని వచ్చాడు.

ఇప్పుడు కుప్పంలో ఆ పిల్లలకు నేనే నేర్పుతున్నాను. అవ్వ లేదు. మామ మోకాళ్ల నొప్పులతో సంతలు మానేశాడు, కానీ ఫోటో పంపితే ఆవు ధర ఇప్పటికీ చెబుతాడు. (తల్లి ఫోటో మాత్రం పంపొద్దంటాడు.) పిల్లల్లో ఎవరైనా చవకగా స్కోపు దొరికిందని ఫోనులో చూపిస్తే, లోపలి నట్టు మళ్లీ బిగించి దాచుకున్న ఆ పాత గొట్టాన్ని నేను బీరువాలోంచి తీసి వాళ్ల చేతిలో పెడతాను. ఎంత బరువుందో అని వాళ్ల మొహాలు వెలిగిపోతాయి. ఆ మొహాల్లో నాకు, ఇరవై రెండేళ్ల వయసులో తువ్వాలు కింద తల దూర్చి చెమటలు కారుస్తూ టైపు చేస్తున్న ఒక పిచ్చిపిల్ల కనబడుతుంది. దాన్ని తిట్టబుద్ధి కాదు. పోయినవారం ఒక పాప దాని మీది బంగారు అక్షరాలను తడిగుడ్డతో గట్టిగా రుద్ది చూసి, "ఇది పోలేదు మేడమ్, అసలైనదేనా?" అని అడిగింది. ఆ ఢిల్లీవాడు వేసిన పేరు అవ్వ కొంగుకే రాలిపోయింది. మామ రాసింది ఇన్నేళ్లయినా చుక్కలతో, పూలతో సహా అలాగే ఉంది. "అసలైనదే" అన్నాను. "ఏ కంపెనీ మేడమ్?" అంది. "పుంగనూరు" అన్నాను.